పదకొండో నంబరు మంచం

మూసీ పక్క దవాఖానల
బాలింతల వార్డులనే ఇచ్చిండ్రు నాకు మంచం.
"వేరే ఖాళీ లేదమ్మా" అన్నది సిస్టరు,
కండ్లు రిజిస్టర్లనే పెట్టి.
పదో నంబరు పక్కన తొట్టి.
పన్నెండో నంబరు పక్కన తొట్టి.
నా పక్కన గ్లూకోజు స్టాండు.

కేస్‌షీటు మీద నా పేరు, పుష్పలీల,
ఇరవై ఆరేండ్లు, పది వారాలు,
కింద ఒక ముక్క: ఇన్‌కంప్లీట్.
టీచరు ఎర్రపెన్నుతోని రాసినట్టు.
ఎవరు పూర్తి చెయ్యలేదు, నేనా? అదా?
అడుగుదామనుకున్న.
పెద్ద డాక్టరమ్మ వచ్చింది, వెనక ఏడుగురు పిల్ల డాక్టర్లు.
కడుపు మీద రెండు వేళ్లు పెట్టి
నా గురించి నాకు రాని ఇంగ్లీషుల చెప్పి
పన్నెండో నంబరు కాడికి పోయింది.

నెల కింద ఇదే స్కానింగు రూంల
తెర నా దిక్కు తిప్పి చూపిచ్చిండ్రు.
"చూడు, కందిపప్పంత ఉన్నది."
ఆ పూట ఇంట్ల పప్పు ఏరుకుంట
ఒక్క బద్దను పక్కకు పెట్టిన.
ఉత్తగనే.
ఈసారి తెర గోడ దిక్కు తిప్పిండ్రు.
గోడకేం తెలుస్తది.

"పాపనా, బాబా?" అన్నది పన్నెండో నంబరు అత్త,
చేతిల లడ్డూ డబ్బా.
భూమేషే అందుకున్నడు, "చిన్న ఆపరేషన్ అంతే" అని.
లడ్డూ తీసుకున్నడు కూడా.
ఎటు పెట్టాల్నో తెలువక
సాయంత్రం దాక చేతిలనే పట్టుకున్నడు.

రాత్రి పదింటికి మెహరున్నీసా ఆయా వచ్చింది.
మోకాళ్ల నొప్పులు, అరిగిన చెప్పులు, నోట్ల పాన్ వాసన.
నా కింది గుడ్డ మార్చుకుంట, సగంల ఆగి,
"చూస్తవా బేటా? వద్దా? నీ మర్జీ" అన్నది.

నన్ను బట్టలు విప్పమన్నరు, సంతకం పెట్టమన్నరు,
ఊపిరి బిగవట్టు, కదలకు, ఏడవకు అన్నరు.
నీ మర్జీ అన్నోళ్లు ఎవరూ లేరు అప్పటిదాక.

చూసిన.
ఏం చూసిన్నో రాయను.
ఆమె తొందర పడలే.
తెల్ల గుడ్డల మెల్లగ మడిచింది,
పెండ్లి చీర మడిచినట్టు అంచుకు అంచు కలిపి.

ఆ తరువాత వరండాల నుంచి
చక్రం విరిగిన ఆకుపచ్చ తెర ఒకటి ఈడ్చుకొచ్చింది.
కిర్రుమని వార్డంత లేసింది, తొట్లళ్ల పిల్లలు సుత.
"లేవనీ" అన్నది.
కొంగుముడి విప్పి నీలం గుడ్డపేలిక తీసి
నా మంచం ఊచకు కట్టింది.
"ఇది చూస్తే ఎవ్వరూ మిఠాయి అడగరు,
బర్త్ సర్టిఫికెటాయన కాగితం పట్టుకొని రాడు.
సర్కారు రూలు కాదు. నా రూలు."

పొద్దున నిజంగనే ఆయన వచ్చి, గుడ్డను చూసి,
పన్నెండుకు పోయిండు.
టీకాలామె కూడ.
సిస్టరు మాత్రం ఆగింది. "నొప్పి ఉన్నదా?" అని అడిగి,
ఈసారి జవాబు వినేదాక నిలవడ్డది.

లిఫ్టుకు ఏ గుడ్డా లేదు.
"ఖుషీ పైసల్ ఏవన్నా?" అని చెయ్యి చాపిండు లిఫ్టాయన.
భూమేష్ యాభై తీసిండు.
"ఇయ్యకు" అన్న.
"మా బిడ్డ పోయింది."
మూడో అంతస్తుకూ రెండో అంతస్తుకూ నడుమ
ఆ మాట మొదటిసారి నా నోట్ల నుంచి వచ్చింది.
లిఫ్టాయన చెయ్యి వెనక్కి తీసుకున్నడు.
కింద జాలి తలుపు తెరిచి పట్టుకొని
నేను ఆటో ఎక్కేదాక అట్లనే ఉన్నడు,
పైనుంచి ఎవరో గంట కొడుతుంటే కూడ.

చీటీ మీద రాసిండ్రు: వారం తర్వాత రావాలె.
వారం ఎట్ల గడపాల్నో రాయలే.

ఆటోల నుంచి తల ఎత్తి చూసిన.
వార్డు కిటికీ ఊచలకు ఉతికి ఆరేసిన
నీలం గుడ్డలు.
నాదొక్కటే అనుకున్న.
మూడున్నయి, కాదు నాలుగు,
పక్క కిటికీకి ఇంకొకటి.
అఫ్జల్‌గంజ్ దిక్కు ఆటో మళ్లింది,
లెక్క తప్పింది.